చదవకుండా పెట్టిన సంతకం

ప్రమాణ స్వీకారం రోజున నా మెడలో వేసిన దండ కంటే నా భర్త మెడలో వేసిన దండ పెద్దది. నాది బంతిపూలది, ఒక్కటే. ఆయనకు గులాబీల దండ, దాని మీద శాలువా, శాలువా మీద మళ్లీ దండ. మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద ఫొటోలు తీస్తుంటే ఎవరో నా భుజం పట్టుకుని పక్కకు నెట్టారు.

"జర జరుగమ్మా, కౌన్సిలర్ సాబ్ కనపడ్తలేడు" అన్నాడతను.

గెలిచింది నేను. బ్యాలెట్ మీద ఉన్నది నా పేరు. అయినా నేను నవ్వి పక్కకు జరిగాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం వైపు పోయే దారుల్లో ఒకదాని మీద, టేకులపల్లి అడవి ఇంకా మొదలవ్వకముందు ఉంటుంది. పేరు రాయను. రాస్తే మనుషులు కూడా బయటపడతారు. వాళ్లలో కొందరితో నేను ఇంకా ఒకే వీధిలో బతకాలి.

మాది దూదేకుల ఇల్లు. మా మామ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని తల్లాడ, కల్లూరు ఊళ్లన్నీ కాలినడకన తిరిగినవాడు. నా భర్త కాలానికి విల్లు పోయి మిషను వచ్చింది, బస్టాండు వెనక పరుపుల దుకాణం వచ్చింది. నేను ఇంటర్ చదివాను. పెళ్లయి వచ్చిన వారంలోనే చేతికి దబ్బనం ఇచ్చారు. పదిహేనేళ్లలో ఈ ఊళ్లో సగం మంది నేను కుట్టిన పరుపుల మీదే పడుకున్నారు.

ఎండాకాలంలో అడవి అంచు గుంపుల నుంచి, అంటే వాళ్ల చిన్న పల్లెల నుంచి, కోయ ఆడవాళ్లు బూరుగు దూది తెచ్చి మాకు అమ్మేవాళ్లు. వాళ్లలో ఒక అవ్వ ఉండేది. మా అత్తమ్మ వయసే. సన్నగా, నిటారుగా నడిచేది. ఆమె తెచ్చిన దూదిలో ఒక్క గింజ ఉండేది కాదు. సంచి దించి నీళ్లు అడిగేది, చెంబెడు తాగేది, మా అత్తమ్మతో కాసేపు మాట్లాడేది. వాళ్ల ఇంట్లో కోయ భాష, మాతో తెలుగు. ఇద్దరూ ఎక్కువగా మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్లు.

మా ఊరు మున్సిపాలిటీ అయినప్పుడు ఆమె ఉండే గుంపును కూడా తెచ్చి మా వార్డులో కలిపారు. పట్టణంలో కలిసినందుకు వాళ్లకు ఉపాధి హామీ పని పోయింది. ఇంటి పన్ను నోటీసులు మాత్రం వచ్చాయి. నల్లా రాలేదు, దీపం రాలేదు, రోడ్డు రాలేదు. వాగు ఇసుకలో చెలిమె తవ్వుకుని ఆ ఊటనీళ్లే తాగుతూ వచ్చారు. నలభై ఇళ్లు.

ఆ ఏడాది ఎన్నికల్లో మా వార్డు బీసీ మహిళకు రిజర్వు అయింది. పార్టీ నాయకుడొకాయన దుకాణానికి వచ్చి, సగం కుట్టిన పరుపు మీద కూర్చుని, నా భర్తతో మాట్లాడాడు.

"నీకిద్దామనుకున్నం గని లేడీస్ కి పోయింది. ఏం గాదు. మీ ఆమెను నిలబెడ్దం, పని నువ్వు చూస్కో. ఇంతకు మీ ఆమె పేరేంది?"

నేను నాలుగడుగుల దూరంలో దబ్బనంలో దారం ఎక్కిస్తున్నాను. ఆయన ఇంట్లో కూతురి పెళ్లి పరుపులు రెండూ నేను కుట్టినవే. నా పేరు నా భర్తే చెప్పాడు.

ఓట్లు అడగడానికి గుంపుకు పోయినప్పుడు ఆ అవ్వ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "నువ్వా బిడ్డా! నువ్వైతే మా బాధ తెలిసినదానివి. నీళ్లు ఇప్పిస్తవా?" అంది. "ఇప్పిస్త అవ్వా" అన్నాను. అబద్ధం చెప్పాలనుకోలేదు. నిజంగా ఇప్పిస్తాననే అనుకున్నాను.

గెలిచాక రెండేళ్లు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు సిగ్గు. నా పేరున్న రబ్బరు స్టాంపు నా భర్త చొక్కా జేబులో ఉండేది. మున్సిపల్ ఆఫీసులో రాసుకున్న నా ఫోన్ నంబరు ఆయనది. మీటింగుకు నేను పోయేదాన్ని. లోపల కుర్చీలో నేను, గుమ్మం దగ్గర ఆయన. నాలాంటి ఆడ కౌన్సిలర్లు ఇంకా ఉన్నారు, వాళ్ల భర్తలో మరుదులో కొడుకులో కూడా ఆ గుమ్మం దగ్గరే. ఒక గుమాస్తా ఎజెండా గబగబా చదివేవాడు. ప్రతి అంశానికీ ముందు వరుసలో వాళ్లు "ఆమోదం, ఆమోదం" అని బల్లలు చరిచేవాళ్లు. పోసిన చాయ్ చల్లారకముందే మీటింగు అయిపోయేది.

ఒకసారి ధైర్యం చేసి లేచాను. "మా గుంపుకు మంచినీళ్ల ట్యాంకర్ వస్తలేదు సార్" అన్నాను.

ఛైర్మన్ తల ఎత్తి నన్ను కాదు, గుమ్మం వైపు చూశాడు. "అన్నకు చెప్పినవా అమ్మా? అన్న మాకు చెప్తడు గదా" అన్నాడు. అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర నా భర్త కూడా నవ్వాడు. నేను కూర్చున్నాను.

మూడో ఏడు ఎండాకాలం ఆ అవ్వ దుకాణానికి దూది లేకుండా వచ్చింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సీసా. అందులో నల్లటి నీళ్లు, పైన జిడ్డు తెట్టు.

"ఇవి మా చెలిమె నీళ్లు" అంది. కూర్చోలేదు. నీళ్లు అడగలేదు.

సంక్రాంతి పండగ తర్వాత నుంచి మున్సిపాలిటీ బండ్లు వాగు ఒడ్డున చెత్త పోస్తున్నాయని చెప్పింది. కోళ్ల పేగులు, దవాఖానాల సూదులు, అన్నీ. పొద్దస్తమానం పొగ. దూడలు రెండు ప్లాస్టిక్ తిని చచ్చిపోయాయి. పిల్లల ఒంటి మీద పుండ్లు. బండి డ్రైవరును నిలదీస్తే, "నన్నేం జేస్తరు? మీ కౌన్సిలరమ్మనే రాసిచ్చింది, ఆమెనే అడుగుండ్రి" అన్నాడట.

"నేను రాసియ్యలే అవ్వా" అన్నాను.

"నీ సంతకం ఉన్నదంట."

"లేదు. నేను పెట్టలే."

ఆమె సీసా గల్లాపెట్టె పక్కన పెట్టి వెళ్లిపోయింది. నా భర్త మిషను దగ్గర ఉన్నాడు. మిషను ఆపలేదు, ఇటు తిరగలేదు. ఆయన తిరగకపోవడం చూశాకే నాకు అనుమానం వచ్చింది.

మర్నాడు నేనొక్కదాన్నే మున్సిపల్ ఆఫీసుకు పోయాను. తీర్మానాల పుస్తకం చూపించమని గుమాస్తాను అడిగాను.

"సార్ ని పంపుండ్రి మేడం, చూపిస్త."

"కౌన్సిలర్ నేను."

"అవ్ మేడం, తెలుసు. గని సార్ ని పంపుండ్రి."

వెటకారం లేదు అతని గొంతులో. అదే నాకు మండింది. వెటకారమైతే తిట్టవచ్చు. అతనికి అది మామూలు పద్ధతి, పొద్దున తాళం తీసినట్టు, ఫ్యాను వేసినట్టు. బీరువా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా ముందే అతను డబ్బా విప్పి అన్నం తిన్నాడు, చేయి కడుక్కున్నాడు, కునికిపాట్లు పడ్డాడు. నేను కదల్లేదు. చివరికి విసుక్కుంటూ బీరువా తీశాడు.

వాగు ఒడ్డు తీర్మానం వెతికి నాలుగుసార్లు చదివాను. అందులో రాసింది ఇది: సదరు వార్డు కౌన్సిలర్ గారి లిఖితపూర్వక విన్నపం మేరకు వాగు పక్కనున్న ఖాళీ స్థలంలో డంపింగ్ యార్డు ఏర్పాటు చేయడానికి ఆమోదించడమైనది. చుట్టుపక్కల నివాసాలు లేవు.

నివాసాలు లేవు! నలభై ఇళ్లు. ఓట్ల కోసం నేను గడప గడపకూ తిరిగిన ఇళ్లు. ఓటర్ల లిస్టులో ఉన్నారు, పన్ను పుస్తకంలో ఉన్నారు. చెత్త పోసేటప్పుడు మాత్రం లేరు.

వెనక జత చేసిన విన్నపం చూశాను. కింద నా సంతకం. దొంగ సంతకమేమో అని వెతికాను. దొంగదైతే బాగుండునని ఎంత ఆశపడ్డానో దేవుడికి తెలుసు. కాదు, నాదే. ఆ రోజు కూడా గుర్తొచ్చింది. నేను ఒక పెద్ద పరుపు అంచు కుడుతున్నాను, చేతులనిండా దూది. ఆయన కాగితం తెచ్చి పరుపు మీదే పరిచాడు. పైభాగం మీద అరచేయి పెట్టి, "ట్యాంకర్ కాయితం, జల్దీ పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ చేయి తియ్యమని అడగలేదు. ఇంటర్ దాకా చదివినదాన్ని, ఒక చేయి అడ్డం ఉంటే దాని కింద ఏముందో చూడనిదాన్ని.

ఇంటికి వచ్చేసరికి ఆయన అన్నానికి కూర్చున్నాడు. మా అత్తమ్మ వడ్డిస్తోంది.

"ట్యాంకర్ కాయితమని చెప్పి నాతోని ఏం సంతకం పెట్టించిన్రు?"

ఆయన ముద్ద కిందపెట్టలేదు. "చెత్త ఎక్కడో ఒక దగ్గర పొయ్యాలె గదా. ఛైర్మన్ అడిగిండు. మన గల్లీకి సీసీ రోడ్డు ఇస్తనన్నడు. వచ్చింది గదా రోడ్డు? నువ్వు నడుస్తలేవా దాని మీద?"

"వాళ్లు ఆ వాగు నీళ్లు తాగుతరు."

"నేను తాగమన్ననా? గట్లనే ఉంటది పాలిటిక్స్. నీకు తెల్వదు."

నేను పోయి కొక్కేనికి తగిలించిన ఆయన చొక్కా జేబులోంచి స్టాంపు తీసుకున్నాను. ఆయన ఎంగిలి చేత్తోనే లేచాడు. "ఏం జేస్కుంటవ్ దాన్ని? ఇటియ్యి" అన్నాడు.

అప్పుడు మా అత్తమ్మ కూర గిన్నె కిందపెట్టింది. పెళ్లయిన దగ్గర్నుంచి నా తరఫున ఒక్క మాట మాట్లాడని మనిషి. ఎన్నికలు ఆడదానికెందుకని నామినేషను రోజున అన్నం మానేసిన మనిషి.

"దాని మీద ఎవల పేరున్నదిరా?" అంది కొడుకుతో.

ఆయన చాచిన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నీ పేరుంటే తీస్కో. ఆ ముసల్ది ముప్పై ఏండ్లు మనకు దూది పోసింది. దాని నీళ్లల్ల పెంట పోసి వచ్చి, నా చేతి బువ్వ తింటున్నవా?"

ఆయన చేయి కడుక్కుని దుకాణానికి పోయాడు.

తర్వాతి మీటింగులో తీర్మానం రద్దు చేయాలని లేచి నిలబడ్డాను. ఛైర్మన్ అలవాటుగా గుమ్మం వైపు చూశాడు. అక్కడ నా భర్త లేడు. "అన్న రాలేదా?" అన్నాడు.

"అన్న కౌన్సిలర్ కాదు సార్. నేను మాట్లాడుత, మీరు ఇనుండ్రి."

మైకు ఆపేశారు. నాకు మైకు అక్కర్లేదు, మిషను రొదలో పదిహేనేళ్లు మాట్లాడిన గొంతు నాది. తీర్మానం మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివాను. నివాసాలు లేవు అన్న దగ్గర ఆగి, నేను రాసుకొచ్చిన ఇంటి యజమానుల పేర్లు నలభై చదివాను. "నన్ను మోసం చేసి పెట్టించిన్రు. అయినా పెట్టిన తప్పు నాదే. వాపస్ తీసుకుంటున్న" అన్నాను. నాకు మద్దతుగా ఒక్కరు లేస్తారేమో అని చూశాను. నా పక్క వార్డు ఆమె తల వంచుకుని కొంగు అంచు చుడుతూ పెదవులు కదిపింది. లేవలేదు. ఆమె మరిది గుమ్మంలో ఉన్నాడు. చివరికి పుస్తకంలో రాసింది ఒకే మాట: చర్చించడమైనది.

మర్నాడు పొద్దున్నే గుంపుకు పోయాను. అవ్వ వాకిట్లో ఉంది.

"సంతకం నాదే అవ్వా. నేను నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరం ఆమెకేముంది? "ఇప్పుడేం జేస్తవ్?" అంది.

"బండ్లు ఆపుదం."

ఆ రోజే యార్డుకు పోయే మట్టిరోడ్డు మీద కూర్చున్నాం. ఆడవాళ్లు ఆకుల కట్టలు తెచ్చుకుని, విస్తళ్లు కుట్టుకుంటూ కూర్చున్నారు. మొదటి బండి వచ్చి ఆగింది. డ్రైవరు దిగి చేతులు జోడించాడు. "నా డ్యూటీ పోతదమ్మా" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. కానీ దారి ఇవ్వలేదు.

మూడో రోజుకు ఊళ్లో చెత్త ఎక్కడిదక్కడ కుప్పలైంది. అయిదో రోజుకు కుళ్లింది. మా దుకాణం ముందు ఎవరో కోడి పేగులు గుమ్మరించి పోయారు, అమ్మడానికి పెట్టిన కొత్త పరుపు మీద. ఎవరో అని రాస్తున్నాను కానీ నాకు తెలుసు. మా వీధి చివరామె. మొహం మీదే అడిగింది కూడా.

"నీకు ఓట్లేసింది మేమా, ఆ అడివోళ్లా?"

"ఇద్దరు ఏసిన్రు."

"మా ఇంటి ముంగట పురుగులు పడుతున్నయి."

"వారం కాలేదు, నీకు గింత రోషం వచ్చింది. వాళ్లు నాలుగు నెలల సంది భరిస్తున్రు" అన్నాను. ఆమె తూ అని ఉమ్మి పోయింది. ఆమె కూతురి పురుటి మంచానికి పరుపు నేను ఊరికే కుట్టిచ్చాను. ఈ మాట రాయకూడదనుకున్నాను. రాయకుండా ఉండలేకపోయాను.

ఆరో రోజు నా భర్త అక్కడికి వచ్చాడు. పార్టీవాళ్లు పంపారు. "లే, ఇంటికి పా. దుకాణం ఖాళీ చేయిస్తమంటున్రు" అన్నాడు. ఆయన గొంతులో అధికారం కంటే భయమే ఎక్కువ ఉంది.

అవ్వ లేచి ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. చెలిమె నీళ్లు. గుడ్డలో వడకట్టినా రంగు పోలేదు.

"ఎండల వడి వచ్చినవ్. తాగు బిడ్డా" అంది.

ముప్పై ఏళ్లు ఆమెకు నీళ్లిచ్చిన ఇంటివాడు. చెంబు అందుకున్నాడు. లోపలికి చూశాడు. తాగలేడు, పారబోయలేడు.  చివరికి చెంబు మెల్లగా నేల మీద పెట్టి, తన బండెక్కి వెళ్లిపోయాడు. ఆయన మీద జాలి కలగలేదు నాకు. ఇప్పుడూ లేదు. ఆయన మళ్లీ అక్కడికొచ్చి నన్ను ఇంటికి రమ్మనలేదు, అంతవరకే చెప్పగలను.

తొమ్మిదో రోజు పెద్ద ఆఫీసర్లు కదిలారు. గుంపు నీళ్లు పట్టించుకుని కాదు, ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయని. యార్డును ఊరికి అవతల పాడుబడిన కంకర క్వారీకి మార్చారు. వాగు ఒడ్డున అప్పటికే పోసిన గుట్టను మాత్రం ఎత్తలేదు, పైన మట్టి కప్పి చదును చేశారు. గుంపులో ఒక బోరు వేశారు. దాంట్లో ఎర్రటి తుప్పు నీళ్లు వస్తాయి, అన్నం వండితే మెతుకు ఎర్రబడుతుంది. బోరు దగ్గర ఛైర్మన్ కొబ్బరికాయ కొడుతున్న ఫొటో పేపర్లో వచ్చింది. కింద "ఛైర్మన్ చొరవతో తీరిన దాహం" అని రాశారు. ఆ పేపరు నేను చింపి పొయ్యిలో పెట్టాను.

మిగతా కాలమంతా ఫోను నేనే ఎత్తాను, స్టాంపు నా దగ్గరే ఉంచుకున్నాను. మా వార్డుకు ఒక్క పని మంజూరు చెయ్యలేదు. కాలువ పూడిక తీయించాలన్నా నెలల తరబడి తిప్పారు. వార్డు జనం నన్నే తిట్టారు. ఆయన ఉన్నప్పుడే నయం, పనులైనా అయ్యేవి అన్నారు. నిజమే, అయ్యేవి. ఎవరి నోట్లో చెత్త పోస్తే అయ్యేవో వాళ్లకు అక్కర్లేదు.

పదవీకాలం ముగిసింది. మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి వార్డు జనరల్ అయింది. అదే నాయకుడు దుకాణానికి వచ్చి నా భర్తను నిలబడమని అడిగాడు. ఆయన వద్దనలేదు, ఆలోచించుకుంటానన్నాడు. ఆలోచించేలోపు వాళ్లు ఇంకొకరిని చూసుకున్నారు. నేను ఇండిపెండెంటుగా నామినేషను వేశాను. నేను నిలబడితే గుంపు ఓట్లు గంపగుత్తగా నావేనని నాకు తెలుసు, పార్టీవాళ్లకూ ముందే తెలుసు.

అందుకే నామినేషన్లకు ముందు వార్డుల హద్దులు మార్చినప్పుడే ఆ గుంపును కోసి పక్క వార్డులో కలిపేశారు.

పోలింగు రోజున ఆ అవ్వ అంత దూరం నడిచి మా పోలింగ్ బూత్ కు వచ్చింది. నా గుర్తు ఏదో మనవరాలిని అడిగి నేర్చుకుని వచ్చిందట. లోపల లిస్టు చూసి, "నీ ఓటు ఇక్కడ లేదు ముసలమ్మా, అటు స్కూలుకు పో" అన్నారు. బయటికి వచ్చి నన్ను వెతుక్కుంది.

"నీకేద్దమని వచ్చిన బిడ్డా. నా పేరు లేదంటున్రు. నేనింక బతికే ఉన్న గదా?" అంది.

ఏజెంట్లు, పోలీసులు, వరుసలో జనం అందరూ చూస్తుండగా అక్కడే రోడ్డు మీద ఏడ్చాను. దుఃఖంతో కాదు. కొట్టడానికి ఎదురుగా ఒక్క మనిషీ దొరక్క.

మూడో స్థానంలో వచ్చాను. ఇప్పుడు మళ్లీ పరుపులు కుడుతున్నాను. నా భర్త ఒక అంచున, నేను ఒక అంచున. అవసరమైన మాటలు మాట్లాడుకుంటాం.

మొన్నటి వానలకు వాగు ఒడ్డున కప్పిన మట్టి కొట్టుకుపోయి, పాత చెత్త మళ్లీ నీళ్లలోకి జారింది. అవ్వ కోడలిని వెంటబెట్టుకుని సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోయి అర్జీ ఇచ్చాను. తీసుకునే ఉద్యోగి అడ్రసు చూసి, "అది మీ వార్డు కాదు గదమ్మా, మీకేం సంబంధం?" అన్నాడు.

"అక్కడున్న చెత్త మాది" అన్నాను.

అతను రసీదు రాసి ఇచ్చాడు. పై సోమవారం మళ్లీ వస్తామని చెప్పి బస్టాండుకు నడిచాం.